మంచం గుర్తువాళ్లు పడుకోనివ్వలేదు

ఇల్లెందులో మా బొగ్గుబాయి లైన్లలో ఇరవై నాలుగు ఇళ్లు, అయిదు భాషలు. లంబాడీలు, కోయలు, ఉర్దూ మాట్లాడేవాళ్లు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు, చర్చికి పోయేవాళ్లు, మైసమ్మకు మొక్కేవాళ్లు, అందరం ఒకే గోడకు అటూ ఇటూ బతికాం. ఎవరింట్లో కూర మాడినా అందరికీ తెలిసేది. ఆ కలగలుపే ఎనభై ఏడు మున్సిపాలిటీ ఎలక్షన్లలో మా చెవులకు శాపమైంది.

వేరే వీధుల్లో ఒక మాట ఒకసారి అరిచి పోతారు. మా దగ్గర అదే మాట తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి, లంబాడీ పాటగా ఒకసారి, చర్చి కీర్తన బాణీలో ఇంకోసారి. గుర్తులు మూడు: నిచ్చెన, గొడుగు, మంచం. మూడు నాలుగుల పన్నెండు. ఎనిమిదో తరగతి మూడుసార్లు తప్పి బడి మానేసినవాణ్ణి, నాకే ఈ లెక్క వచ్చిందంటే గోల ఎంతో మీరే ఊహించుకోండి. మా లైన్ల మీదుగా ఎగిరే కాకులు ఆ పది రోజులూ టేకులపల్లి అడవి మీదుగా చుట్టు తిరిగి పోయాయి. నేను లెక్కపెట్టాను.

కాకులు పోగలవు. మా పక్కింటి ఆరోగ్యమన్న ఎక్కడికి పోతాడు?

ఆరోగ్యమన్న టింబర్‌మన్. బాయి లోపల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. మందు పేల్చి పొగ పోయాక అందరికంటే ముందు లోపలికి పోయేది ఆయనే. ఆయన దగ్గర చివర ఇనుప పొన్ను వేసిన ఆరడుగుల కర్ర ఉండేది. దాన్ని ఇంటి నుంచి భుజాన వేసుకొని వచ్చి, మళ్లీ భుజాన వేసుకొనే పోయేవాడు. కప్పును దానితో కొట్టి చెవి పెడతాడు. కంచు మోగినట్టు ఖంగుమంటే గట్టి కప్పు. ఎండిన సొరకాయలా పలికితే డొల్ల. అప్పుడు ఆయన ఒకటే మాట అంటాడు, "నడువుండ్రి" అని. ఎందుకని అడగం. చేతిలో పార ఉంటే అక్కడే వదిలేసి నడుస్తాం. పద్దెనిమిదేళ్లలో ఆ మాట ఆయన ఊరికే అన్నది లేదు.

ఆ చెవి గొప్ప ఎంత చెప్పినా తక్కువే. గుమ్మడికాయను కొట్టి గింజలెన్నో చెప్పేవాడు. ఒకసారి కర్ర చివరతో నా నెత్తి మీద కొట్టి, కాసేపు విని, "డొల్ల" అన్నాడు. దానికి సాక్షులున్నారు.

ఎలక్షన్లు వచ్చేసరికి మా గుంపుది మూడో షిఫ్టు. రాత్రంతా బాయిలో, పగలు నిద్ర. మాకైతే చెట్టు కింద పడ్డా, బండ మీద పడ్డా నిద్రే. ఆరోగ్యమన్న కోడికునుకు మనిషి. కప్పులో రాయి కదిలినా వినే చెవికి, గుమ్మం ముందు నిలబడ్డ రిక్షా మీది మైకు ఎట్లా ఉంటుందో ఆలోచించండి. ఆయన భార్య పుల్లమ్మక్క కిటికీకి బొంత కట్టింది. చెవుల్లో నూనె దూది పెట్టింది. మంచం వంటింట్లోకి జరిపింది, అక్కణ్ణుంచి పెరట్లోకి జరిపింది. పెరటి వెనకాల గొడుగువాళ్ల జీపు. మనిషి పడుకున్నాడు, కాస్త ఆపండని మూడు బండ్ల వెంట మూడు రోజులు తిరిగింది. గొడుగువాళ్లు ఆపితే మేమూ ఆపుతామని నిచ్చెనవాళ్లు అన్నారు. గొడుగువాళ్లు, ముందు మంచంవాళ్లను ఆపమన్నారు. మా మైకు ఆగితే ఓడిపోయామని జనం అనుకుంటారని మంచంవాళ్లు అన్నారు. మంచానికి ఓటెయ్యమని అరిచి, మంచం మీద పడుకున్నవాణ్ణి లేపిన ఘనులు వాళ్లు.

నేనూ తక్కువ తినలేదు. మొదటి రోజు ఒక కప్పు చాయకు ఆశపడి నిచ్చెనవాళ్ల మైకు రెండు గంటలు పట్టుకున్నాను. నా గొంతు కొత్తగూడెం దాకా పోయిందని అందరూ అన్నారు. సాయంత్రం ఆరోగ్యమన్న ఎర్రటి కళ్లతో బయటికి వచ్చి నన్ను చూశాడు. "తమ్మీ, నీ గొంతు గోడ అవుతలకెల్లి గూడ గుర్తుపడ్త" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. మళ్లీ మైకు ముట్టలేదు.

నాలుగో రోజు షిఫ్టులో ఆయన కర్ర ఎత్తి కప్పును కొట్టాడు. విన్నాడు. మళ్లీ కొట్టాడు. తల విదిలించుకుని మూడోసారి కొట్టాడు. పూల్‌సింగ్, జంపయ్య, నేను, ఇంకా నలుగురం వెనకాల పారలు పట్టుకుని నిలబడ్డాం. ఆయన ఇటు తిరిగి, చెవుల్లో ఇంకా ఆ పాటలే మోగుతున్నాయని, కప్పు ఏమంటున్నదో తెలియడం లేదని చెప్పాడు. కర్ర కిందికి దించేశాడు. బాయిలో దయ్యానికి భయపడని మనిషి ఆ కప్పు కింద ఇంకో అడుగు వేయలేదు. అందరం పైకి ఎక్కేశాం. తట్టెడు బొగ్గు తీయకుండా ఎనిమిది మంది ఎక్కివస్తే పైన మమ్మల్ని ఏమన్నారో ఇక్కడ రాయను.

మర్నాడు ఒంటిగంటకు, సరిగ్గా మా లైన్ల మధ్య ఖాళీ జాగాలో మంచం గుర్తు వెంకటప్పయ్య గారి మీటింగు. ఆయన కోస్తా నుంచి వచ్చిన కలప వ్యాపారి. చెక్కలతో స్టేజీ, దాని మీద ఆరు మైకు గొట్టాలు. మూడొందల మందిమి కూర్చున్నాం. సగం మంది బాయివాళ్లం. ఆరోగ్యమన్న బనీను మీదే వచ్చాడు, భుజాన కర్ర. స్టేజీ ముందు నిలబడ్డాడు.

"అప్పయ్యగారూ, మీకు ఓటెయ్యనని చెప్పనీకి రాలే. నిద్ర కోసం వచ్చిన. నాలుగు దినాలాయె కన్ను మూసి."

వెంకటప్పయ్య గారు నవ్వి, జవాబు మైకులోనే చెప్పారు. "ఎలక్షన్లంటే పండగయ్యా. నాలుగు రోజులు ఓర్చుకోలేవా? గెలిచాక నీ ఇంటికి నేనే పరుపు పంపిస్తా."

జనం నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మనిషి నిద్ర అడిగితే పరుపు ఇస్తాడట. దాహమన్నవాడికి ఖాళీ చెంబు చూపించినట్టు. పైగా ఆ మాట ఆరు గొట్టాల్లో ఆరుసార్లు మోగింది.

ఆరోగ్యమన్న మా వైపు తిరిగాడు. మైకు లేదు. అయినా వినిపించింది.

"నవ్వుండ్రి. ఈడ కూసున్నోళ్లల్ల నా ఎనక దిగెటోళ్లు ఎందరున్నరో మీకే ఎరుక. నిన్న కప్పు ఏమన్నదో నాకు వినరాలే. ఇయ్యాల గూడ నేను పండకపోతే రాత్రికి మీ నెత్తి మీదిది గట్టిదో డొల్లదో నేను చెప్పలేను. అబద్ధం చెప్పి మిమ్మల్ని దించలేను."

నవ్వు ఆగిపోయింది. ఆయన కర్ర ఎత్తి స్టేజీ చెక్కను మూడుసార్లు కొట్టాడు. విన్నాడు.

"ఇది డొల్ల. నడువుండ్రి."

ముందు లేచింది పూల్‌సింగ్. ఆ తర్వాత జంపయ్య. నా సంగతి అడిగితే, మెదడు ఆలోచించే లోపల కాళ్లు లేచాయి. బాయివాళ్లం లేస్తే మా ఆడవాళ్లు లేచారు, వాళ్లు లేస్తే పిల్లలు, పల్లీలు అమ్మేవాడు. ఎవరూ కేకలు వేయలేదు. వంద లెక్కపెట్టేలోపు ఖాళీ జాగాలో వెంకటప్పయ్య గారు, ఆరు గొట్టాలు, కింద పరిచిన పట్టాలు మిగిలాయి. ఆయన ఇంకా ఏదో అంటూనే ఉన్నారు. మైకు సెట్టువాడి అన్న మాతోపాటు దిగేవాడే. ఆ సెట్టువాడు వైరు పీకేసి చుట్ట చుట్టుకున్నాడు.

ఆ పగలు మా లైన్లలో ఏ మైకూ మోగలేదు. నిచ్చెనవాళ్లకు, గొడుగువాళ్లకు ఒక్కసారిగా దయ కలిగిందని అనుకోకండి. ఖాళీ మీటింగంటే భయం, అంతే. పుల్లమ్మక్క మూడు రోజులు కాళ్లరిగేలా తిరిగి అడిగినప్పుడు కలగని జ్ఞానం, మూడొందల మంది లేచి పోతే అరగంటలో కలిగింది. అడిగితే వినని చెవులు వీళ్లవి, రేపు గెలిచి మా కష్టాలు వింటారట.

ఆ రాత్రి ఆరోగ్యమన్న కర్ర ఎత్తాడు. ఖంగు. నాలుగడుగులు వేసి మళ్లీ ఖంగు. ఎడమ మూలకు పోయి ఆగాడు. అక్కడ రెండుసార్లు కొట్టి, అరచెయ్యి కప్పుకు ఆనించి, దుంగలు తెమ్మన్నాడు. రెండు దుంగలు నిలబెట్టాక మమ్మల్ని రమ్మన్నాడు.

తర్వాత ఏం జరిగిందని కల్లు దుకాణంలో అడిగితే, కొండంత కప్పు కూలిందని, పూల్‌సింగ్‌ను నేను భుజాన వేసుకుని పరుగెత్తానని చెబుతాను. చాలాసార్లు చెప్పాను కూడా. పూల్‌సింగ్ కూడా ఇప్పుడు నమ్ముతున్నాడు. కానీ ఇది రాత, కనుక నిజం చెప్పాలి. ఏమీ కూలలేదు. తెల్లారేదాకా బొగ్గు ఎత్తి ఎనిమిది మందిమి దిగినట్టే ఎనిమిది మందిమి ఎక్కాం. కూలితే పేపర్లో వస్తుంది. కూలకుండా నిలబెట్టినవాడి పేరు ఎక్కడా రాదు. రాయడానికి మా లైన్లలో గోడ కూడా మిగల్లేదు, అన్నిటి మీదా మంచాలూ నిచ్చెనలే.

పొద్దున్నే ఇంటికి వస్తుంటే లైను మలుపులో మంచం గుర్తు రిక్షా నిలబడి ఉంది. మైకువాడు నోరు తెరిచాడు. ఆరోగ్యమన్న భుజాన కర్ర చూసి మూశాడు. ఆయన వాడి వంక చూడనైనా చూడలేదు, లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

కాసేపటికి గోడ అవతల గురక మొదలైంది. ఆ గురక తక్కువదేం కాదు, మా వంటింట్లో గిన్నెలు కదులుతాయి. మామూలు రోజుల్లో నేను గోడను గట్టిగా రెండు దెబ్బలు కొడతాను. ఆ పగలంతా కళ్లు తెరుచుకునే పడుకున్నాను. గోడ మాత్రం కొట్టలేదు.