పుస్తకమేత్తే సీటైపోద్దేటి?

టీనేజ్ పిల్లల కోసం రాసిన ఒక నవల చదువుతున్నాను. అందులో ఒక పిల్ల కడుపులో కత్తి దిగినా పేజీన్నర ఉపన్యాసం ఇస్తుంది. రచయితను తిట్టుకుంటూనే వదల్లేకపోయాను.

ఈ సాయంత్రం పెందుర్తి బస్సు ఆగగానే జనం కిటికీల్లోంచి సీట్ల మీదికి తువ్వాళ్లు విసిరారు. నా దగ్గర రుమాలు కూడా లేక ఆ నవలే విసిరాను. తోసుకుని లోపలికి వెళ్లేసరికి ఒక భారీ మనిషి నవలను కిందికి నెట్టేసి, అదే సీటు మీద పడున్న తన తువ్వాలు తీసుకుని దర్జాగా కూర్చున్నాడు.

"లేవయ్యా, అది నా సీటు. ముందు పుస్తకం వేశాను."

"పుస్తకమేత్తే సీటైపోద్దేటి బావ? తువ్వాలెయ్యాల!"

ఒళ్లు మండి కాలర్ పట్టుకుని లాగాను. అతని పిడికిలి నా ముక్కు మీద పడింది. చొక్కా నిండా, కింద పడున్న నవల అట్ట మీద కూడా రక్తం. చాలా అనాలనుకున్నాను కానీ "అమ్మా!" తప్ప ఇంకేమీ రాలేదు.

రక్తం చూసి అతనే హడలిపోయాడు. "కూకో బావ, తలెత్తు," అంటూ సీటిచ్చి, ఆ తువ్వాలే నా ముక్కుకు అదిమిపెట్టాడు.

ముక్కులో దూదితో ఇది రాస్తున్నాను. దెబ్బ తగిలిన క్షణంలో మీలో ఎవరైనా పేజీన్నర మాట్లాడి ఉంటే చెప్పండి, ఆ రచయితకు క్షమాపణ చెప్పుకుంటాను.