పసుపు వైపు కొంచెం వదులు

చేవెళ్ల బస్టాండుకు దగ్గర్లో నాకు టైలరింగ్ షాపు ఉంది. నా ఎడమ చూపుడు వేలికి పై కణుపు లేదు. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న ప్రొద్దుటూరులో మా అమ్మగారింట్లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, గడ్డి కోసే మిషన్‌లో పోయింది. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కొత్తవాళ్ల చూపు ముందు అక్కడికే పోతుంది. చూసి జాలిపడతారు. ఆ చేత్తోనే జాకెట్టు కుట్టి ఇస్తే చంక దగ్గర బిగుతైందని దబాయిస్తారు. దబాయింపే నాకు నయం.

గండిపేట అపార్ట్‌మెంట్ల నుంచి ఒక కస్టమర్ వచ్చేది. కోస్తా ఆమె, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తన వంతు వచ్చేదాకా బ్యాగులోంచి రంగుల క్యూబు తీసి టకటకా తిప్పేది. నా కళ్లు కుట్టు మీద నిలిచేవి కావు.

"ఎట్ల చేస్తరు మేడమ్ గది?" అని ఒకరోజు అడిగేశాను.

"నేర్పిస్తానండి. రండి, కూర్చోండి," అని తన పాత క్యూబు నాకిచ్చింది.

నెల తిరిగేలోపు ఆరు వైపులా రంగులు కలపడం వచ్చేసింది. దాంతో ఊరుకుంటే ఈ కథే లేదు. నాకు ఆమెలా వేగంగా తిప్పాలనిపించింది. అక్కడే చిక్కొచ్చింది. క్యూబు పై పొరను మాటిమాటికీ ఎడమ చూపుడు వేలితో మీటాలి. నా మొండి వేలు మీటితే పొర సగం తిరిగి ఆగిపోయేది.

"మీరు నెమ్మదిగానే చేయండి, ఏం పర్లేదు," అంది ఆమె. మంచి మనసుతోనే అంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. కుట్టు సరిగ్గా పడకపోతే మిషన్‌లో దారం బిగుతు సరిచేస్తాం కానీ, మనిషి చెయ్యి మార్చుకోమంటామా?

మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు క్యూబును ఊడదీశాను. ఒక్కో వైపు మధ్య రంగు మూతను గోటితో లేపితే కింద స్క్రూ, స్ప్రింగు. బిగిస్తే పొరలు పట్టేస్తాయి, వదులు చేస్తే జారతాయి, మరీ వదిలితే ముక్కలు ఊడి పడతాయి. ఇరవై ముక్కలు విప్పి, తుడిచి, మళ్లీ కూర్చాను. మూల ముక్క ఒక్కటి మెలితిరిగి కూర్చున్నా ఇక ఎంత తిప్పినా రంగులు కలవవని రెండు రోజులు తలకొట్టుకున్నాక తెలిసింది. మిషన్ నూనె పోస్తే ప్లాస్టిక్ జిగటపడి మొదటి క్యూబు పాడయింది. రెండోది కొన్నాను, దానికి తగిన సిలికాన్ నూనె తెచ్చుకున్నాను.

నేను రంగులు కలిపే పద్ధతిలో చాలాసేపు పసుపు వైపే పైన ఉంటుంది. అందుకని ఆ ఒక్క స్క్రూనే పావు చుట్టు వదిలాను, తర్వాత ఇంకాస్త. అప్పుడు నా మొండి వేలి తాకిడికే పై పొర గిర్రున తిరిగింది. షాపులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మొయినాబాద్ వైపు ఒక కాలేజీలో పోటీ ఉందని కస్టమరే చెప్పి, నా పేరు రాయించింది. అది ఆదివారం.

"ప్రార్థన ఇడిచిపెట్టి బొమ్మలాటకు పోతవా?" అంది మా అత్తమ్మ.

"పొద్దుగాల చర్చికి పోయొచ్చినంకనే పోత," అన్నాను. పోకుండా ఉంటానని మాత్రం అనలేదు. మా ఆయన తన ఆటోలో దింపి వెళ్లాడు.

గేటు దగ్గర ఒకమ్మాయి, "ఆంటీ, పేరెంట్స్ అటు కూర్చోవాలి," అంది.

"నేను ఆడనీకి వచ్చిన, బిడ్డా. లిస్టుల నా పేరు చూడు."

ఆమె రెండుసార్లు చూసి, బ్యాడ్జీ ఇచ్చింది.

లోపల క్యూబులు అమ్మే స్టాల్ అతను నా క్యూబు ఒకసారి చూస్తానన్నాడు. ఇచ్చాను. నాలుగు సార్లు తిప్పి, "అయ్యో, ఒక పక్క లూజు, ఒక పక్క టైటు! అన్నీ సమానంగా ఉండాలి," అంటూ నేను వద్దనే లోపే మూత లేపి స్క్రూ బిగించేశాడు. అప్పుడే నన్ను పిలవబోతున్నారు. అతని చేతిలోంచి క్యూబుతో పాటు స్క్రూడ్రైవర్ కూడా లాక్కున్నాను. నిలబడే, వేలికి తెలిసిన కొలతతో మళ్లీ వదులు చేశాను.

"రూల్ ప్రకారం అది తప్పు సెట్టింగ్ ఆంటీ," అన్నాడు.

"నీ చేతికి తప్పు. నా చేతికి గిదే కరెక్టు."

ఐదుసార్లు ఆడాలి. అన్నిటికన్నా మంచి టైము, అన్నిటికన్నా చెడ్డ టైము తీసేసి మిగతా మూడింటి సగటు కడతారు. మొదటిది నలభై నాలుగు సెకన్లు, రెండోది యాభై రెండు. మూడోసారి క్యూబులోంచి ఒక ముక్క ఎగిరి టేబుల్ కింద పడింది. ఎదురుగా కూర్చున్న జడ్జి పెన్ను ఎత్తాడు, వదిలేస్తాననుకున్నాడేమో. నేను వంగి ముక్క తీసుకుని, రంగులు చూసి సరిగ్గా కూర్చోబెట్టి, చివరిదాకా కలిపాకే గడియారం ఆపాను. ఒక నిమిషం ఇరవై ఒక్క సెకన్లు. తర్వాతవి నలభై మూడు, ముప్పై తొమ్మిది. సగటు నలభై ఆరు చిల్లర. ముప్పై తొమ్మిది అంతకుముందు నా చేతికి ఎన్నడూ రాలేదు.

బహుమతులప్పుడు లెక్చరర్ ఒకాయన మైకులో, "చేతికి లోపం ఉన్నా మనందరికీ స్ఫూర్తినిచ్చిన ఆంటీకి ప్రత్యేక మెమెంటో," అని నన్ను స్టేజీ మీదికి పిలిచాడు. ఫోన్లన్నీ నా వేలి వైపు లేచాయి. ఎక్కాను. మెమెంటో మాత్రం అందుకోలేదు.

"సార్, నేను ముప్పై నాలుగో నంబరు వచ్చిన. నా ముంగట ముప్పై మూడు మంది ఉన్నరు. ఆళ్లందరికి ఇయ్యంది నాకెందుకు? నా టైము రాసిన కాయితం ఇయ్యుండ్రి, చాలు."

ఆయన మైకు పక్కకు తీసి, "ఆంటీ, గౌరవంగానే ఇస్తున్నాం," అన్నాడు.

"నా టైము చదువుండ్రి సార్. గదే నాకు గౌరవం."

చదివాడు. ముక్క ఊడిన ఒక నిమిషం ఇరవై ఒక్కటితో సహా ఐదూ చదివాడు. ముప్పై తొమ్మిది దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు.

కిందికి దిగాక, పోటీకి తనూ వచ్చిన కస్టమర్ నా పక్కకు చేరింది. "తీసుకోవాల్సిందండి. పాపం, మంచి ఉద్దేశంతోనే ఇచ్చారు."

"ఎరికే మేడమ్. గందుకే మర్యాదగ చెప్పిన," అన్నాను.

సాయంత్రం మా ఆయన ఆటో తెచ్చాడు. "గెలిచినవా?"

"లే. ముప్పై నాలుగో నంబరు."

"ఎంత మందిల?"

"ముప్పై ఎనిమిది."

ఆటోను చేవెళ్ల రోడ్డెక్కించాడు. తర్వాత, "అంటే ఇంక నలుగురున్నరు నీ ఎనక," అన్నాడు.

"ఉన్నరు," అన్నాను. "వచ్చేసారి ఇంకెక్కువ మంది ఉంటరు."