గుడారి రేవులో చేతి జనరేటర్

డెబ్బైలలో ఒక వానాకాలం. మిలటరీ సిగ్నల్స్‌లో మా హవల్దారూ నేనూ రాయగడ స్టేషన్‌లో దిగేసరికి ముసురు పట్టి వారం దాటింది. జీపు గుడారి వరకే పోయింది. ముందు వంశధార, ఎర్రగా, గట్లు దాటి పారుతోంది. రేవు పక్క బడి వసారాలో వైర్‌లెస్ సెట్ పెట్టి, చెట్టుకు ఏరియల్ కట్టాం. వరద కబురు గంటకోసారి రాయగడ శిబిరానికి చెప్పాలి. అదీ ఆర్డర్.

బ్యాటరీలు తడిసి పాడయ్యాయి. చేతి జనరేటర్ మిగిలింది. నేను తిప్పేవాణ్ణి, హవల్దారు మాట్లాడేవాడు.

మర్నాడు ఉదయం ఒక తెలుగు రైతు వచ్చాడు. సంతకని ఇటు వచ్చి చిక్కుకుపోయాడు. ఇల్లు అవతలి ఒడ్డున, కాస్త ఎగువన, పొలంలో.

"మా ఆడదీ, కూతురూ కప్పెక్కి ఉన్నారు బాబూ. గుడ్డ ఊపుతున్నారు, సూడండి. పడవ కావాలని సెప్పండి."

చెప్పాం.

"పడవలన్నీ దిగువకు పోయాయి. ఆగండి. ఓవర్" అని జవాబు.

అతను నా పక్కన కూర్చుని హ్యాండిల్ అందుకున్నాడు.

"ఇందులో ఏటుంది బాబూ?"

"అయస్కాంతం మావా. దాని నడుమ రాగితీగ చుట్ట. నువ్వు తిప్పితే చుట్ట తిరుగుతుంది, కరెంటు పుడుతుంది. ఆపితే లేదు."

హవల్దారు మాట్లాడే మీట నొక్కాడు. హ్యాండిల్ ఒక్కసారిగా బరువెక్కింది.

"ఎవులో ఎనక్కి లాగుతున్నట్టుందేటి?"

"కరెంటు వాడుకుంటుంటే తీగ మొరాయిస్తుంది. బరువుగా ఉందంటే మన మాట పోతోందన్నమాట."

ఇక హ్యాండిల్ నాకివ్వలేదు. బరువెక్కినప్పుడల్లా అతని మొహం కాస్త తేరుకునేది. జవాబు వినేటప్పుడు హ్యాండిల్ తేలిక. ఆ జవాబు మారలేదు.

సాయంత్రానికి గుడ్డ ఊపడం ఆగింది.

"అలిసిపోయుంటారు" అన్నాడు.

ఔనన్నాను.

హవల్దారు హిందీలో నాతో మెల్లగా అన్నాడు: "అడిగి లాభం లేదు. అయినా అడుగుతాను. ఆయన తిప్పుతున్నాడు కదా."

తెల్లారి, పడవకు ముందు మనుషుల్లేని ఇంటి కప్పు కొట్టుకొచ్చింది. అతనే ముందు చూశాడు.

"మాదే" అన్నాడు.

హ్యాండిల్ వదిలి, ఒడ్డు వెంట దిగువకు నడిచాడు. మళ్ళీ కనబడలేదు. నీరు తీశాక పడవలొచ్చాయి. మేం సామాను సర్దుకుని రాయగడలో రైలెక్కాం.

ఊళ్ళో అందరూ యుద్ధం గురించి అడుగుతారు. ఏదో ఒకటి చెబుతాను. కళ్ళు మూస్తే కనబడేది ఆ పూరికప్పే. ఎక్కడా చెదరలేదు. నీటి మీద మెల్లగా గుండ్రంగా తిరుగుతూ పోయింది. దాని నిండా గుమ్మడిపాదు. ఆ పొద్దునే విచ్చుకున్న పచ్చటి పూలు.