వెనక్కి కట్టుకున్న చేతులు

గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్‌లో దారం తెగగానే దాని చప్పుడు మారుతుంది. మేం వలస వచ్చిన భేస్తాన్‌లోని మా కుట్టు కార్ఖానాలో ఇన్ని మిషన్ల మోతలోనూ ఆ తేడా నా చెవికి తెలుస్తుంది. వెంటనే నా చేతులు వీపు వెనక్కి పోతాయి. అది సులోచనక్క చేసిన అలవాటు.

ఆమె పని కొత్తవాళ్లకు కుట్టు నేర్పడం కాదు, నేర్పేవాళ్లకు నేర్పడం. నాకైతే ముందు అక్షరాలే నేర్పింది. నలభై దాటిన దాన్ని, పలక ముందు సిగ్గుతో చెమటలు పట్టేవి. ఒకరోజు నా పేరు రాస్తూ సగంలో ఆగిపోయి బలపం ఆమెకు ఇవ్వబోయాను. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని, "నేను రాస్తే నాకొస్తది. నాకు వచ్చిందే గదా" అంది.

తర్వాత కొత్తగా చేరిన నర్సవ్వను నాకు అప్పగించారు. ఆమె భర్త పనిచేసే మగ్గాలు మూతపడ్డాయి, ఇంటి భారం ఆమె మీద పడింది. దారం తెగినప్పుడల్లా జాలిపడి నేనే ఎక్కించేదాన్ని. సులోచనక్క చూసి, "శనివారం సూపర్‌వైజర్ నిన్ను జూస్తడా, ఆమెను జూస్తడా?" అంది. శనివారం ఒంటరిగా మిషన్ నడపలేకపోతే నర్సవ్వకు పని లేనట్టే. అప్పటినుంచి ఆమె చేతనే ఎక్కించాను.

శనివారం సూపర్‌వైజర్ పక్కనే నిలబడ్డాడు. కింది దారం తెగింది. నర్సవ్వ మిషన్ ఆపి ఎక్కించింది. మళ్లీ తెగింది. సూదిలోని దారం ముందు తీసేయాలి, కింది దారం ఎక్కాకే సూదికి ఎక్కించాలి. ఆ మాట నా నాలుక చివరే ఉంది.

"అరే బెన్, కిత్నా టైమ్?" ఇంకెంతసేపమ్మా అని విసుక్కున్నాడు సూపర్‌వైజర్.

"జర జెప్పరాదే" అంది నర్సవ్వ. నావైపే చూస్తోంది.

చేతులు వెనక్కి కట్టుకున్నాను. "వదినా, నిన్న అన్ని దారాలు తీసి ఎక్కించినవ్ గదా. ఆఖరికి ఏది ఎక్కించినవ్?"

కళ్లు మూసుకుని వేళ్లను గాలిలో ఆడించింది. తర్వాత సూదిలోని దారం లాగేసింది. ఈసారి మిషన్ ఆగకుండా కుట్టింది. సూపర్‌వైజర్ గుడ్డ తిప్పి చూసి, "ఠీక్ హై" అని వెళ్లిపోయాడు.

"నోట్ల ముత్యాలున్నయా? నా పానం పోయింది" అని నర్సవ్వ నన్ను తిట్టింది.

వెనక గోడ దగ్గర సులోచనక్క నిలబడి ఉంది. "నీకేందక్కా, నిమ్మలంగ నిలవడ్డవ్" అన్నాను. ఆమె వీపు వెనక నుంచి చేతులు తీసి ముందుకు చాపింది. చేత్తో బిగించి పట్టుకున్న చోట మణికట్టు మీద గాజుల అచ్చులు ఎర్రగా పడి ఉన్నాయి. పలక రోజున నేను ఆమెను ఎదురుగానే చూశాను, వెనక చేతులు కనపడలేదు.

ఇప్పుడు కొత్తవాళ్లు నన్ను కూడా రాతిగుండె మనిషి అనుకుంటారు. సాయంత్రం బస్సులో కడ్డీ పట్టుకున్నప్పుడు నా మణికట్టు మీదా గాజుల గుర్తులు కనిపిస్తాయి.