జడ వేసిన చేతులు

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఎలక్ట్రీషియన్‌ని. టెస్టర్ పెట్టి చూస్తే తప్ప వైరులో కరెంటు ఉందంటే నమ్మను. ఇలాంటిది నేనే చెప్పాల్సి రావడం నాకే చిరాకు.

తుక్కుగూడ దగ్గర కొత్త వెంచర్‌లో పని చేస్తుంటే నా చేతిలోని ఇనుప పైపు హైటెన్షన్ తీగకు తగిలింది. ప్రాణం దక్కింది. మోచేతుల కింద రెండు చేతులూ తీసేశారు. చాలాకాలం ఎదురుచూశాక కేరళలో ఒక ఆసుపత్రిలో, బ్రెయిన్‌డెడ్ అయిన ఒకాయన చేతులు నాకు అతికించారు. ఆయన ఎవరో చెప్పలేదు.

ఇబ్రహీంపట్నం తిరిగొచ్చాక మా వీధంతా చూడటానికి వచ్చింది. నా ఆరేళ్ల కూతురు మానస మాత్రం దగ్గరికి రాలేదు.

"గవి నీ చేతులు గావు బాపు," అంది.

నిజమే. అవి నాకంటే నలుపు, వేళ్లు పొడుగు. చేతుల్లేనప్పుడు నా ఒళ్లో కూర్చున్న పిల్ల, చేతులొచ్చాక దూరం జరిగింది. ఆ చేతులు పరాయివని నా ఒంటికి తెలియకుండా ఉండటానికి రోజూ మాత్రలు మింగుతున్నాను. పిల్లకు అలాంటి మాత్ర లేదు.

ఫిజియోథెరపిస్ట్ శైలజ ఇంటికొచ్చి ఒక్కో వేలూ వంచి వ్యాయామం చేయించేది. నరాలు వేళ్ల దాకా పెరగడానికి చాలా నెలలు పడుతుందంది. అప్పటికి సూది గుచ్చినా తెలిసేది కాదు. చెంచా కూడా నిలిచేది కాదు.

ఒకరోజు పొద్దున నా భార్య పద్మ కంపెనీ బస్సు తప్పిపోతుందని పిల్లకు జడ వేయకుండానే పరుగెత్తింది. మానస జుట్టు విరబోసుకుని గడప మీద ఏడుస్తోంది. ఊరుకోబెడదామని వెనక కూర్చున్నాను.

చేతులు లేచాయి. నేను లేపలేదు. జుట్టును మూడు పాయలు చేసి, గబగబా అల్లి, రిబ్బను ముడి వేశాయి. పక్కవాడి పని చూసినట్టు చూస్తూ ఉండిపోయాను. నా సొంత చేతులున్న రోజుల్లో కూడా నాకు జడ వేయడం వచ్చేది కాదు.

మానస అద్దంలో చూసుకుని వచ్చింది. "మస్తుగుంది. రేపు గూడ నువ్వే ఎయ్యి," అంటూ మొదటిసారి ఆ వేళ్లు పట్టుకుంది. ఆ పట్టు నాకు తెలియలేదు.

ఎండాకాలం దాకా రోజూ అదే. శైలజకు కూడా చూపించాను. ఆమె సూదితో మళ్లీ వేలి కొనలు గుచ్చి చూసింది. నాకేమీ తెలియలేదు.

"నరం ఇంక అరచేతిలకే రాలే అన్నా. గిది అయ్యే పని గాదు," అని మళ్లీ మొదటి వేలి నుంచి గుచ్చి చూసింది.

తర్వాత వేళ్లలో చిమచిమ మొదలైంది. వేడీ చల్లనా తెలిశాయి. చొక్కా బొత్తాం పెట్టుకున్నాను. పద్మ సంతోషంతో ఏడ్చింది. ఆ వారమే మానస జుట్టు నా వేళ్ల మధ్య చిక్కుపడింది. మళ్లీ మళ్లీ ప్రయత్నించాను. పాయలు జారిపోయాయి.

"ఆయన పోయిండా బాపు?" అని అడిగింది.

ఆయన గురించి పిల్లకు మేమెవరమూ ఏనాడూ చెప్పలేదు. ఎవరని అడిగాను. దువ్వెన తీసుకుని తల్లి దగ్గరికి వెళ్లిపోయింది.

ఇప్పుడు స్క్రూడ్రైవర్ పట్టుకోగలుగుతున్నాను. బాగా కోలుకున్నానని డాక్టర్లు మెచ్చుకుంటారు. ఆయనకొక కూతురుందేమో, అడగడానికి నాకు దారి లేదు. స్పర్శే లేని వేళ్లు ఆ పని ఎలా చేశాయో ఈరోజుకీ నాకు అర్థం కాదు. బడి తెరిచే ముందు పద్మ పిల్ల జుట్టు పొట్టిగా కత్తిరించింది.