ఇరవై దగ్గర ఆపిన ఫర్హానా

పన్నెండు మ్యాచ్‌లలో పదకొండు గెలిచిన జట్టును ఇంట్లో కూర్చోబెట్టి, ఐదు ఓడిన జట్టును టోర్నమెంటుకు ఏ న్యాయాన పిలుస్తారు? కువైట్‌లో ముప్పై ఏళ్లుగా కాలేజీ లైబ్రరీ చూసుకుంటూ చాలానే చదివాను. దీనికి జవాబు ఎక్కడా దొరకలేదు.

ఫర్హానా మా కాలేజీలో ఆటల మేడమ్. కడప మనిషి. వల లేని రింగు కింద, పగిలిన సిమెంటు మీద బాస్కెట్‌బాల్ నేర్చుకుంది. ఇక్కడ ఏడేళ్లు తంటాలు పడి అమ్మాయిల జట్టు నిలబెట్టింది. ఇరవై పాయింట్లు ముందుకు రాగానే బాగా ఆడేవాళ్లను వెనక్కి పిలిచి, బెంచీ మీద ఉన్నవాళ్లను దింపడం ఆమె పద్ధతి.

"ఓడిపోతా ఉండేటోళ్లని ఇంగా ఏడిపించేదేముంది సార్? వాళ్లూ ఆడబిడ్డలే గదా!" అనేది.

టోర్నమెంటులో ఎనిమిది చోట్లు. నాలుగు లీగుల విజేతలకు నాలుగు నేరుగా దక్కుతాయి. తక్కినవి కమిటీ ఇష్టం. మావాళ్లు లీగు ఫైనల్లో ఒక్క పాయింటుతో ఓడారు. అయినా పిలుస్తారనే నమ్మాం. జాబితా వచ్చింది. తక్కిన నాలుగూ పెద్ద కాలేజీల లీగుకే పోయాయి, అందులో ఒకటి ఐదు ఓడిన జట్టుకు.

నేను అర్జీ రాశాను. ఇద్దరం షువైఖ్‌లో కమిటీ ఆఫీసుకు వెళ్లాం. కన్వీనర్ సూర్యకిరణ్, హైదరాబాదు ఇంజనీరు. అర్జీ చదవకుండానే లాప్‌టాప్ మావైపు తిప్పాడు.

"గెలిచిన మ్యాచ్‌లలో పాయింట్ల సగటు తేడా చూడండి మేడమ్. మీది పద్దెనిమిది, వాళ్లది ముప్పై నాలుగు."

"ఓడినవి లెక్కలోకి రావా?" అన్నాను.

"వాళ్లది స్ట్రాంగ్ లీగ్ కద సార్. అక్కడ ఓడినా వాల్యూ ఉంటది."

"ఆ లీగు మాతో ఒక్క మ్యాచ్ ఆడిందా? ఎన్నిసార్లు పిలిచినా రాలేదే! ఆడకుండానే బలం ఎలా తేలింది?"

నా గొంతు అంత లేస్తుందని నాకే తెలియదు. అతను చాయ్ తెప్పించాడు.

"ఇరవై కాంగానే మేమే ఆపినాం అన్నా," అంది ఫర్హానా. "స్కోరుషీట్లు చూడు, చివర్లో ఎవురెవురు ఆడినారో ఉంది."

"ఎవరు ఆపమన్నరు మీకు? ఈ షీట్‌ల జాలికి కాలమ్ లేదు మేడమ్. నెక్స్ట్ ఇయర్ గట్టిగ కొట్టించండి. ఇప్పుడైతే ఖలాస్."

"మా సమీరాకి ఇదే ఆఖరి సంవత్సరం. ఆ పిల్లని నేనే బెంచీ మీద కూర్చోబెట్టినా. దానికి ఏం చెప్పాల?"

"చాయ్ తాగండి మేడమ్."

నేనప్పటికే కప్పు అందుకున్నాను. ఆమె ముట్టుకోలేదు. బల్ల మీది అర్జీని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. నాకోసం కూడా ఆగకుండా తలుపు తీసుకుని వెళ్లిపోయింది.