ఒప్పుకోని అంకె

న్యూజిలాండ్‌లోని టౌరంగాలో మా అమ్మాయి రాత్రిళ్లు కివీ పండ్ల ప్యాక్‌హౌస్‌లో పనిచేస్తూ, మధ్యాహ్నాలు జావా నేర్చుకునేది. మొట్టమొదటి ప్రోగ్రాము నా కోసమే రాసింది. పొద్దున్నే నా షుగర్ ఎంతుందో టైపు చేస్తే దాచిపెడుతుంది. అంకెకు బదులు అక్షరం కొట్టినా, ఒకటికీ ముప్పైకీ మధ్య లేని అంకె కొట్టినా, "తప్పు. మళ్లీ ఇవ్వండి" అంటుంది. ఎవరేం కొట్టినా ప్రోగ్రాము ఆగిపోదని అమ్మాయికి మహా గర్వం. నాకు మాత్రం ఒళ్లు మండేది. బడిలో పంతులుగారు కూడా నన్ను అన్నిసార్లు తప్పనలేదు.

ఈ దేశంలో షుగర్ లెక్కే వేరు. మన నూట ఇరవై ఆరు ఇక్కడ ఏడు. ఇక్కడ కొన్న మీటరుకు స్ట్రిప్పులు ఒకరోజు అయిపోయాయి. ఇండియా నుంచి తెచ్చుకున్న పాత మీటరు సూట్‌కేసులోంచి తీశాను. అది మన లెక్కలో అరవై రెండు చూపించింది. చేతులు వణుకుతున్నాయి, జాకెట్టు చెమటకు తడిసిపోయింది. షుగర్ బాగా పడిపోయిందని నాకు తెలుస్తూనే ఉంది. అయినా అలవాటు కొద్దీ ముందు కంప్యూటరు దగ్గర కూర్చుని అరవై రెండు కొట్టాను. తప్పంది. మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పంది. ఇక్కడి లెక్కలు నాకంటే దానికే బాగా తెలుసు కాబోలనుకుని, మధ్యలో చుక్క పెట్టి ఆరు పాయింట్ రెండు కొట్టాను. "సరే, బాగుంది" అంది. రోజూ వేసుకునే, షుగర్ తగ్గించే మాత్ర వేసేసుకున్నాను.

పక్క గదిలో అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చి నిద్రపోతోంది. రాత్రంతా నిలబడి వచ్చిన పిల్లను లేపడం ఎందుకని ఊరుకున్నాను. కాసేపటికి కుర్చీతో సహా కింద పడ్డాను. ఆ చప్పుడుకు తనే పరుగెత్తుకొచ్చి, చిగుళ్లకు తేనె రాసి, అంబులెన్సును పిలిచిందట. నేను కళ్లు తెరిచింది ఆసుపత్రిలో.

ఇంటికొచ్చాక కంప్యూటర్లో ఆ రోజు అంకె చూసి అమ్మాయి నివ్వెరపోయింది.

"అరవై రెండే కొట్టానే. అది తీసుకోలా," అన్నాను.

"తీసుకోకపోతే నంబర్ మార్చేస్తావా? నన్ను లేపొచ్చు కదమ్మా!"

"నువ్వు రాసిందే కదా, తప్పెందుకు చెబుతుందిలే అనుకున్నా."

అమ్మాయి నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు ఆ ప్రోగ్రాము నన్ను తప్పనదు. ఒప్పుకోలేనిది ఏది కొట్టినా "అమ్మా, నన్ను లేపు" అంటుంది. మొన్న అంకె కొట్టబోయి పొరపాటున పక్కనున్న అక్షరం నొక్కాను. అదే మాట వచ్చింది. ఒంట్లో బాగానే ఉంది. అయినా వెళ్లి లేపాను. ఎందుకని అడక్కుండానే లేచి నా చెయ్యి పట్టుకుంది.